టులెట్ బోర్డు కట్టే ముందు: మూడు పోర్షన్ల ఓనరు చెప్పే సంగతులు

హైదరాబాద్ హయత్‌నగర్ ఆర్టీసీ బస్సు డిపోలో కండక్టరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. 31 ఏళ్లు జనం చేతుల్లోంచి డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చినవాడికి మనుషులు ఇట్టే తెలుస్తారని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పైన రెండు పోర్షన్లు కట్టి మొదటిసారి టులెట్ బోర్డు కట్టిన నెలలోనే ఆ గర్వం దిగిపోయింది.

ఇస్త్రీ చొక్కా, వేలికి ఉంగరం, చేతిలో కారు తాళం. మొదట దిగినవాడు బ్రోకరు వెంట వచ్చి ఐదు నిమిషాల్లో ఇల్లు చూశాడు. మోటారు ఎక్కడుందని అడగలేదు, నీళ్లెప్పుడు వస్తాయని అడగలేదు. అడ్వాన్సు అక్కడికక్కడే లెక్కపెట్టి, "రేపే దిగుతాం సార్" అన్నాడు. మేం మురిసిపోయాం. మూడో నెల నుంచి అద్దె ఆగింది. ఆరో నెలాఖరుకు, అతని పనిచోట ఒక పెద్దమనిషిని బతిమాలితే, ఖాళీ చేశాడు. నాలుగు నెలల బాకీలో రెండు నెలలది అడ్వాన్సులో పోయింది, మిగతా రెండు నెలలది నేనే వదులుకున్నాను. వెళ్లిపోతే చాలనిపించింది. తర్వాత ఆలోచిస్తే బస్సులోనూ అంతే కదా అని తట్టింది. టికెట్ లేకుండా దొరికినవాళ్లలో ఇస్త్రీ చొక్కాలకేమీ కొదవ ఉండేది కాదు.

మాది 150 గజాల జాగా. కింద మేముంటాం. పైన డబుల్ బెడ్‌రూము 13,000, పక్కన సింగిల్ బెడ్‌రూము 7,500, మేడమీద గది 4,500. ఆ గదిని బ్రోకర్లు పెంట్‌హౌస్ అంటారు, నిజానికది రేకుల గదే. (మా వైపు మాట కిరాయి. కాగితాల మీద అద్దె అని రాస్తారు కాబట్టి ఇక్కడా అదే రాస్తున్నాను.) ఆర్టీసీ వాళ్ల పింఛను ఎంతో తెలిసినవాళ్లకు ఈ అద్దెలు మాకెందుకు ముఖ్యమో వేరే చెప్పక్కరలేదు. నా మాటలు నాలాంటివాళ్ల కోసమే. పది ఫ్లాట్లుండి మేనేజర్ని పెట్టుకున్నవాళ్లకు ఇందులో పనికొచ్చేది తక్కువ. అద్దెకు వచ్చినవారి మిక్సీ చప్పుడు మన నెత్తిన, మన టీవీ చప్పుడు వాళ్ల కాళ్లకింద ఉండే బతుకులు మనవి.

ముందు ఇల్లు, తర్వాతే బోర్డు

మంచివాళ్లు రావడం లేదని బాధపడేవాళ్ల ఇళ్లు కొన్ని చూశాను. బాత్రూములో కొళాయి కారుతూ ఉంటుంది, కిటికీకి దోమల జాలి చిరిగి ఉంటుంది. "దిగాక చేయిస్తాం" అంటారు. నాలుగిళ్లు చూసుకుని ఎంచుకోగలిగినవాడు ఆ మాట వినగానే గేటు దాటేస్తాడు. ఎక్కడా ఇల్లు దొరకనివాడే సరేనంటాడు. అంటే మంచి మనిషిని మనమే బయటికి పంపించి, తలుపు రెండోవాడికి తెరుస్తున్నామన్నమాట. సున్నాలు వేయించకపోయినా ఫరవాలేదు గాని కొళాయిలు, ఫ్లష్ ట్యాంకు, తలుపు గడియలు, గీజరు పాయింటు, జాలీలు బాగుచేయించకుండా బోర్డు కట్టకండి. నాకు పోర్షనుకు రెండు మూడు వేలు దాటలేదు.

కరెంటు మీటరు పోర్షనుకొకటి ఉండాలి. ఇది ఖర్చే, కానీ తప్పించుకోవద్దు. రెండు పోర్షన్లు ఒకే మీటరు మీద నడిస్తే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులోకి పోతాయి, ఇద్దరికీ బిల్లు మండుతుంది. ఎవరు ఏసీ వేశారు, ఎవరు వేయలేదు అనే పంచాయతీ నెలనెలా మన వరండాలో జరుగుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వచ్చాక ఇంకో కారణం తోడైంది. రేషన్ కార్డు ఉండి 200 యూనిట్లు దాటని కుటుంబానికి, అద్దె ఇంట్లో ఉన్నా, బిల్లు ఉండదు. అలాంటివాళ్లు ఇల్లు చూడగానే మొదట అడిగేది మీటరు విడిగా ఉందా అనే. మోటారుకూ మెట్ల దీపానికీ మాత్రం ఉమ్మడి మీటరు. ఆ బిల్లును మేం తలకింత చొప్పున పంచుతాం. పోర్షనుకింత అని పంచితే గదిలో ఒంటరిగా ఉండే కుర్రాడు ఐదుగురున్న ఇంటి నీళ్లకు డబ్బు కట్టినట్టవుతుంది.

బోర్డు ఎప్పుడు కట్టాలో చెప్పేది క్యాలెండరు కాదు, పంచాంగం. ఆషాఢంలో ఇల్లు మారరు. పుష్యంలో మారరు. పితృపక్షాల్లో పాలు పొంగించరు. మంగళవారం మన ఇంటి గడప తొక్కడానికి కూడా వెనకాడేవాళ్లున్నారు. అటు జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు, ఆపైన పిల్లలున్నవాళ్లు కదలరు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో చూసుకోకపోతే శ్రావణం దాకా ఇల్లు ఖాళీగా ఉండే ప్రమాదముంది. ఇదంతా నాకు నమ్మకమా అంటే పెద్దగా లేదు. వచ్చేవాళ్లకుంది, అది చాలు. ఫోనులో దిక్సూచి పెట్టుకుని గదిగదికీ తిరిగేవాళ్లతోనూ వాదించను. వంటగది ఆగ్నేయంలో లేదంటే లేదని ముందే చెప్పేస్తాను.

బ్రోకరు కంటే నాకు ఎక్కువ పనిచేసినవాళ్లు ముగ్గురు: సందు చివర ఇస్త్రీ బండి ఆయన, కిరాణా కొట్టు ఆమె, ప్రస్తుతం మా ఇంట్లో అద్దెకున్నవాళ్లు. వాళ్లు తీసుకొచ్చిన మనిషి తేడా చేస్తే వాళ్లకూ మాట వస్తుంది కాబట్టి ఎవరిని పడితే వారిని పంపరు. వెబ్‌సైట్లలోనూ పెట్టవచ్చు, పెట్టాను కూడా. పెట్టిన గంటలో ఒకాయన ఫోన్ చేసి, సైన్యంలో పనిచేస్తాననీ, బదిలీ మీద వస్తున్నాననీ, ఇల్లు చూడకుండానే నచ్చిందనీ అన్నాడు. అడ్వాన్సు పంపడానికి ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. మనకు డబ్బు రావాలంటే మనం పిన్ కొట్టే అవసరమే ఉండదు. పిన్ కొట్టామంటే డబ్బు పోయేది మన ఖాతాలోంచే. "బాబూ, నేను కండక్టర్ని, ముందు డబ్బు, తర్వాత టికెట్" అన్నాను. పెట్టేశాడు. ఇల్లు చూడకుండా నచ్చిందన్న మనిషి ఎవరైనా సరే, ఫోను పెట్టేయండి.

అద్దె ఎంత చెప్పాలి

పక్కింటాయన 14,000 చెబుతున్నాడని నేనూ ఒకసారి చెప్పాను. ఉన్న కుటుంబం ఏ గొడవా లేకుండా నాలుగేళ్లుగా 13,000 ఇస్తోంది. వెయ్యి పెంచమంటే వాళ్లు నొచ్చుకుని వెళ్లిపోయారు. తర్వాత నెల ఇల్లు ఖాళీ, 13,000 పోయింది. రంగులకు 9,000 అయింది. మొత్తం 22,000. కొత్తవాళ్లు 14,000 ఇచ్చినా ఆ వెయ్యి చొప్పున పోయింది రాబట్టుకోవడానికి 22 నెలలు. అప్పటికి మళ్లీ పెంచమనే సమయం వస్తుంది! ఈ లెక్క ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు లోపల అంటించుకున్నాను. ఇప్పుడు చుట్టుపక్కల ధర కంటే ఐదు వందలు తక్కువ చెబుతాను. దానితో పదిమంది వస్తారు, పదిమందిలో ఎంచుకునే వీలు నాకుంటుంది. ఆ ఐదు వందలు నేను ఎంపిక కోసం పెట్టే ఖర్చు.

ఏమి అడగాలి, ఏమి అడగకూడదు

ఫోనులోనే ఐదు ప్రశ్నలు అడుగుతాను. ఇప్పుడెక్కడ ఉంటున్నారు, ఎన్నేళ్లుగా, ఎందుకు మారుతున్నారు, ఇంట్లో ఎంతమంది, ఎప్పుడు దిగాలనుకుంటున్నారు. జవాబుల కంటే అవి చెప్పే తీరు ముఖ్యం. ఎందుకు మారుతున్నారంటే, "ఓనరు కొడుకు పెళ్లి, వాళ్లకు ఇల్లు కావాలట" అని ఒక్క ముక్కలో చెప్పేవాడు వేరు, పాత ఓనరు మీద పావుగంట పురాణం విప్పేవాడు వేరు. రెండోవాడి పురాణంలో రేపు మనమూ ఒక అధ్యాయమవుతాం.

ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు దంపతులిద్దరినీ రమ్మంటాను. ఒక్కరే చూసి అడ్వాన్సిస్తే రెండో మనిషికి నచ్చక రెండో నెలలోనే ఖాళీ చేసిన సందర్భాలున్నాయి. కొళాయి తిప్పి చూసేవాళ్లు, బట్టలు ఆరేసుకోవడానికి తీగె ఎక్కడని అడిగేవాళ్లు, నీళ్లు ఏ రోజున వస్తాయో అడిగేవాళ్లు ఉండటానికి వచ్చినవాళ్లు.

ఇక "మీరేమిట్లు?" అనే ప్రశ్న, అంటే కులమేమిటని. మా కాలనీలో అద్దె మాట కంటే ముందు అడిగేది ఇదే. మొదట్లో నేనూ అడిగాను, దాచను. మనవాళ్లయితే మనమాట వింటారనుకున్నాం. మనవాడే, దూరపు చుట్టం కూడా, సింగిల్ బెడ్‌రూములో దిగి పదిహేను నెలలున్నాడు. అందులో ఆరు నెలల అద్దె "వచ్చే నెల కలిపి ఇస్తా బాబాయ్" లోనే గడిచింది. అడిగితే చుట్టరికం చెడుతుంది, అడగకపోతే ఇల్లు గడవదు. అతను వెళ్లాక ఆ పోర్షన్‌లో ఎలక్ట్రీషియన్ పని చేసే ఒక ముస్లిం అబ్బాయి కుటుంబం దిగింది. ఆరేళ్లున్నారు. ఐదో తారీఖు దాటిన నెల లేదు, ఇంటి వైరింగు సగం అతనే సరిచేశాడు, నేను డబ్బివ్వబోతే టీ తాగి వెళ్లాడు. ఇద్దరు మనుషులతో సిద్ధాంతం కట్టలేం, నిజమే. కానీ కులం అడిగితే తెలిసేది కులమే. అద్దె సమయానికి ఇస్తాడా, ఇంటిని ఇల్లులా చూసుకుంటాడా అన్నది తెలియదు. తెలుసుకోవలసింది అదయినప్పుడు దాన్నే వెతకాలి. ఇంట్లో మాంసం వండకూడదనుకునేవాళ్లుంటారు. అది మీ ఇష్టం, బోర్డు మీదే రాసేయండి. మనిషి వచ్చి కూర్చున్నాక ఇంటిపేరు కూపీ లాగడం మాత్రం ఇద్దరికీ మర్యాద కాదు.

మరి ఎలా వెతకాలి? ఇప్పుడున్న ఓనరుకు ఫోన్ చేయడం అందరూ చేసేదే, కానీ వదిలించుకోవాలనుకునే ఓనరు అందరికంటే ఎక్కువ పొగుడుతాడు. నేను వాళ్ల సందులోని కిరాణా కొట్టుకు వెళతాను. ఒక సబ్బు కొని, "ఫలానావాళ్లు మా ఇంటికి వస్తామంటున్నారమ్మా" అంటాను. కొట్లో ఖాతా తీర్చే మనిషి అద్దె కూడా తీరుస్తాడు. ఒక్కసారి మాత్రం కొట్టు ఆమె ఏమీ అనకుండా ఖాతా పుస్తకం తిప్పి చూపించింది. సబ్బు డబ్బులిచ్చి వచ్చేశాను.

బ్యాచిలర్లను ఎవరూ రానివ్వరు. మేడమీద గదికి నేను వాళ్లనే తీసుకుంటాను. ఎంతమంది ఉంటారో, ఎవరి పేరున కాగితమో ముందే తేల్చుకుంటే చాలు. ముగ్గురని చెప్పి ఏడుగురయితే నీళ్ల ట్యాంకే మనకు చెబుతుంది.

అడ్వాన్సు చేతిలో పడే ముందు మాటలు

డబ్బు తీసుకున్నాక చెప్పే షరతు షరతు కాదు, తగాదా. అందుకే అడ్వాన్సు ముట్టుకోకుండా అన్నీ చెబుతాను: రాత్రి పదకొండుకు గేటు తాళం పడుతుంది గాని మీకొక తాళంచెవి ఉంటుంది. బండి ఒకటే లోపల, రెండోది బయట. గోడకు మేకులు కొట్టకండి, కావలసిన చోట చెబితే నేనే డ్రిల్లు పెట్టిస్తాను. చుట్టాలు వస్తారు, రావాలి, పది రోజులు దాటితే ఒక మాట చెప్పండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు చాలామందికుంది. నేను రెండేళ్లు దాటి ఉన్నవాళ్ల దగ్గర పట్టుకోను. రెండేళ్లలో గోడ మాయడం గోడ ధర్మం.

ఇంకొకటుంది. దీన్ని ఎవరూ నోటితో అనరు.

పై పోర్షన్‌లో ఒక నర్సు ఉండేది. భర్త దగ్గర లేడు. చిన్న కొడుకు, ముసలి తల్లి. మా కాలనీలోనే నాలుగిళ్లవాళ్లు "చూసి చెబుతాం" అన్నారట. నైట్ డ్యూటీలుంటాయని తనే ముందు చెప్పింది. మా ఆవిడ ఆమె చేతిలో గేటు తాళంచెవి పెట్టి, "పొద్దున వచ్చేటప్పుడు పాల ప్యాకెట్టు కూడా తెస్తే నాకు మెట్లు దిగే పని తప్పుతుంది" అంది. మూడో ఏడు వానాకాలంలో రాత్రి రెండు గంటలకు ఆమె ఫోన్ చేసింది. "అంకుల్, అమ్మ పోయింది. ఊరికి తీసుకెళ్లాలంటే బండి తెల్లారాకే దొరుకుతుంది. అప్పటిదాకా..." అని ఆగింది. ఆ ఆగడం నాకు అర్థమైంది. అద్దె ఇంటికి శవాన్ని రానివ్వరు. కన్నవాళ్లను రోడ్డు పక్కన అంబులెన్సులో పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చున్నవాళ్ల గురించి మనమందరం విన్నాం. నేను జవాబు చెప్పేలోపే మా ఆవిడ లేచి వెళ్లి గేటు రెండు రెక్కలూ తెరుస్తోంది. వరండాలో పడుకోబెట్టాం. మర్నాడు పక్కింటివాళ్లు శాంతి చేయించమన్నారు. పసుపునీళ్లు చల్లాం, ఊరుకున్నాం. తర్వాత మాకు జరిగిన కీడేమీ లేదు, ఆ వేసవిలో బోరు ఎండిపోవడం తప్ప. అది కాలనీ మొత్తానికీ ఎండింది.

ఆ తర్వాత నుంచి మా ఒప్పందంలో ఒక వాక్యం ఉంటుంది: అద్దెకున్నవారి కుటుంబంలో మరణం సంభవిస్తే పార్థివదేహాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి యజమానికి అభ్యంతరం లేదు. కాగితం రాసే ఆయన టైపు చేస్తూ చేతులు ఆపి నా వంక చూశాడు. మీరు అలాగే రాయాలని నేననను. మీ జవాబు ఏమిటో మాత్రం బోర్డు కట్టే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. రాత్రి రెండింటికి ఆలోచించే విషయం కాదది.

కాగితం

11 నెలల ఒప్పందం ఎందుకంటే, ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికే ఈ లెక్క, కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన సవరణ ప్రకారం మన దగ్గర ఏడాది లోపు లీజుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరే. 12 ఏళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందని భయపెట్టేవాళ్లుంటారు. అద్దె కడుతూ, ఓనరు మీరేనని ఒప్పుకుని ఉన్న మనిషికి అలాంటి హక్కు రాదు. అద్దె బ్యాంకు ఖాతాకో యూపీఐకో వచ్చేలా చూసుకుంటే అదే రుజువు. ఖాళీ చేసే గడువు ఎవరూ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 15 రోజుల నోటీసు చాలంటుంది. 15 రోజుల్లో వాళ్లకు ఇల్లు దొరకదు, మనకు మనిషి దొరకడు. ఇరువైపులా నెల రోజులని రాయండి. పిల్లలుంటే బడి మధ్యలో ఖాళీ చేయమననని నేను నోటిమాటగా కూడా చెబుతాను. అడ్వాన్సు హైదరాబాద్‌లో రెండు నెలలదే ఆనవాయితీ, అంతకు మించి అడగను. అద్దె 11 నెలలకొకసారి 5 శాతం పెంపు అని ముందే రాసుకుంటే ఏటా మొహమాటపడే పని తప్పుతుంది.

ఆధార్ నకలు తీసుకోండి, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చినా సరే. దిగే రోజు వాళ్లను పక్కన పెట్టుకుని ఫోనులో గదులన్నీ వీడియో తీసి వాళ్లకే పంపండి. మీటరు రీడింగు కూడా.

ఏడాది అద్దె లక్ష దాటితే ఉద్యోగి తన ఆఫీసులో ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. పాన్ ఇవ్వమని మొండికేసే ఓనర్లను చూశాను. ఉద్యోగస్తుడు కావాలి గాని పాన్ ఇవ్వనంటే ఎలా? అద్దె ఆదాయంలో కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదానిలో మరమ్మతులు చేయించినా చేయించకపోయినా 30 శాతం మినహాయించి, ఆ తర్వాతే పన్ను లెక్క కడతారు. నాలాంటివాళ్లకు చివరికి పన్నేమీ పడదు. భయపడి మంచి మనిషిని వదులుకోవడం తెలివితక్కువ.

దిగాక

కొళాయి పోయిందని చెబితే రెండు రోజుల్లో బాగుచేయించండి. మనం ఆలస్యం చేస్తే వాళ్లూ అద్దె విషయంలో అదే నేర్చుకుంటారు. ప్లంబరు నంబరు వాళ్లకే ఇచ్చి, ఐదు వందల లోపు పనయితే చేయించుకుని అద్దెలో తగ్గించుకోమంటాను. ఇన్నేళ్లలో దొంగ బిల్లు ఒక్కటి వచ్చింది, నవ్వి ఊరుకున్నాను. రోజూ మెట్లెక్కి తొంగిచూడకండి. మా ఆవిడకు ఆ అలవాటు మాన్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆమె నాకు మాన్పించడానికి మూడేళ్లు.

అద్దె ఆలస్యమైతే ఐదున కాదు, ఏడున అడుగుతాను, అదీ నేరుగా. రెండు నెలలు ఆగిందంటే అడ్వాన్సు అయిపోయినట్టే లెక్క. మాట్లాడి తేదీ తీసుకోండి, తీసుకున్న తేదీని సందేశంగా పంపండి. నీళ్లు కట్టేయడం, కరెంటు పీకేయడం ఎంత కోపమొచ్చినా వద్దు. అది చట్టం ముందు మన తప్పవుతుంది, వాళ్లది కాదు.

ఖాళీ చేసే రోజు లెక్క ఆ రోజే తేల్చాలి. అడ్వాన్సు "కొత్తవాళ్లు వచ్చాక ఇస్తాం" అనేవాళ్లు చాలామంది. ఆ మాట విన్న మనిషి చివరి రెండు నెలలు అద్దె ఎగ్గొట్టి తన డబ్బు తనే రాబట్టుకుంటాడు, తప్పు అతనిది కాదు. బస్సులో చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిచ్చేవాళ్లం. మూడు రూపాయలే కావచ్చు, ఆ మనిషి కిటికీలోంచి బయటికి చూడటం మానేసి దిగేదాకా నా సంచీ వంకే చూసేవాడు. అడ్వాన్సు ఇరవై ఆరు వేలు. సామాను ఆటో ఎక్కుతుండగానే మీటరు చూసి, బాకీ తీసేసి, మిగిలింది ఫోనులో పంపి, చేరిందని వాళ్లనోట విన్నాకే తాళంచెవులు తీసుకుంటాను.